పోలండ్ స్కూల్‌తో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆగిపోయింది. ఎక్కడ తప్పు చేశాం?

పల్నాడు_ఇంగ్లిష్_టీచర్
మాది జెడ్పీ హైస్కూల్, నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. పోలండ్‌లో ఒక పల్లెటూరి స్కూల్ టీచర్ ఆన్‌లైన్‌లో పరిచయమయ్యారు. ఇద్దరం కలిసి సెప్టెంబర్‌లో ‘మా సంస్కృతి, మీ సంస్కృతి’ అని ఒక ప్రాజెక్ట్ మొదలుపెట్టాం. మావాళ్ళు సంక్రాంతి, కూచిపూడి, నాగార్జునసాగర్ మీద స్లైడ్లు చేసి పంపారు. వాళ్ళు క్రిస్మస్ గురించి, వాళ్ళ వంటల గురించి పంపారు. చూశాం, ‘బాగుంది’ అని రాశాం. వాళ్ళూ ‘బాగుంది’ అని రాశారు. అంతే, ఆ తర్వాత ఏం రాయాలో ఎవరికీ తోచలేదు.

అక్టోబర్ చివర్లో వీడియో కాల్ పెట్టుకున్నాం. మన టైం 3:15కి. పిల్లలు తలకి నూనె పెట్టుకుని, ఉతికిన యూనిఫాం వేసుకుని వచ్చారు. నాలుగు దాకా కూర్చున్నాం, ఎవరూ రాలేదు. 4:10కి బస్సు. పిల్లలందరూ వెళ్ళిపోయాక 4:15కి వాళ్ళు లైన్లోకి వచ్చారు. ఖాళీ బెంచీల ముందు నేనొక్కదాన్నే నిలబడి సారీ చెప్పాను. డిసెంబర్‌లో ఒక కార్డు వచ్చింది. జనవరిలో నేను రాసిన రెండు మెయిల్స్‌కీ జవాబు లేదు.

మా క్లాసులో ఒక అమ్మాయి నిన్న అడిగింది, ‘టీచర్, వాళ్ళకి మనం నచ్చలేదా?’ అని. రాత్రంతా అదే మాట చెవుల్లో ఉంది. ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వదిలేయాలా, మళ్ళీ మొదలుపెట్టాలా?

సిద్దిపేట_లెక్కల_సార్
వాళ్ళు ఆలస్యంగా రాలేదు మేడం. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ పోలండ్‌కీ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. మీరిద్దరూ టైం ఖాయం చేసుకున్నప్పుడు మన 3:15 అంటే వాళ్ళకి 11:45. కాల్ రోజు వాళ్ళు తమ గడియారంలో 11:45కే వచ్చారు, అప్పటికి మనకి 4:15 అయింది.

పల్నాడు_ఇంగ్లిష్_టీచర్
అయ్యో. మూడు నెలలుగా వాళ్ళ మీద మనసులో కష్టం పెట్టుకున్నాను సార్. రేపే క్లాసులో చెప్తాను.

సిద్దిపేట_లెక్కల_సార్
మార్చి చివరి ఆదివారం మళ్ళీ ముందుకు తిప్పుతారు, అది కూడా రాసి పెట్టుకోండి. అమెరికాకి తేదీలు వేరు, మార్చిలో రెండో ఆదివారం, నవంబర్‌లో మొదటి ఆదివారం. నేను కాల్ పెట్టేటప్పుడు రెండు ఊళ్ళ టైమూ పక్కపక్కనే రాసి, తేదీతో సహా పంపుతాను. ఒక టైమే రాస్తే ఇలాగే అవుతుంది.

మిర్చి_నాన్న
నాది ఆ చుట్టుపక్కల ఊరే. మా వాడు తొమ్మిది చదువుతున్నాడు. కోపం లేకుండా అడుగుతున్నాను, పోలండ్ పిల్లలకి బొమ్మలు పంపితే మా వాడికి పదిలో మార్కులు పెరుగుతాయా? లెక్కల్లో వెనకబడ్డాడు. ఆ పీరియడ్ ఏదో లెక్కలకి ఇస్తే మేలు కదా.

అనకాపల్లి_ఎస్ఏ_ఇంగ్లిష్
మీ మాట కొట్టిపారేయలేను. నేను పనిచేసిన ఒక ప్రైవేట్ స్కూల్లో ఈ ప్రాజెక్టులు నిజంగా గోడ మీద సర్టిఫికెట్ కోసమే నడిచేవి. పిల్లలు చార్ట్ పట్టుకుని ఫొటో దిగేవారు, ఫైల్ తయారయ్యేది, అవతలి స్కూల్ పేరు కూడా చాలామంది పిల్లలకి తెలీదు. నేను మూడేళ్ళు ఆ ఫైళ్ళు రాసి విసిగిపోయాను. అలా చేసేదైతే ఆ పీరియడ్ లెక్కలకి ఇవ్వడమే న్యాయం.

క్రాకోవ్_తెలుగింటి
ఇక్కడ ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాం, మా బాబు ఇక్కడి స్కూల్లోనే ఏడో తరగతి. అవతలి వైపు సంగతి చెప్తాను. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఒక్కో ప్రాంతానికి ఒక్కో రెండు వారాలు శీతాకాలం సెలవులు. అంతకు ముందు మొదటి టర్మ్ మార్కులు వేసే హడావిడి. టీచర్లు ఆ రోజుల్లో మెయిల్ తెరవరు. ఆ పోలండ్ టీచర్ మౌనానికి కారణం చాలావరకు అదే అయి ఉంటుంది.

ఇంకో సంగతి. 2017 సంస్కరణ తర్వాత ఇక్కడ ప్రాథమిక పాఠశాలే ఎనిమిదేళ్ళు. ఎనిమిది చివర్లో, మే నెలలో, రాష్ట్ర స్థాయి కాదు, దేశమంతటికీ ఒకే పరీక్ష. మనకి పది ఎలాగో వాళ్ళకి అది అలాగ. అందుకని వాళ్ళ ఎనిమిదితో పెట్టుకోవద్దు, ఏడో తరగతి అడగండి.

ఫొటోల విషయం కూడా జాగ్రత్త. ఇక్కడ తల్లిదండ్రుల సంతకం లేకుండా పిల్లల ముఖం బయటికి పంపరు. మీరు ఇరవై ఫొటోలు పంపితే వాళ్ళు చేతుల ఫొటోలు, వెనక నుంచి తీసినవి పంపుతారు. అది దూరం పెట్టడం కాదు.

పల్నాడు_ఇంగ్లిష్_టీచర్
అవునండీ, వాళ్ళు పంపినవన్నీ వెనక నుంచే! మా పిల్లలు ‘వీళ్ళకి సిగ్గెక్కువేమో టీచర్’ అన్నారు.

కేజీబీవీ_మేడం
సంతకాలు మనమూ తీసుకోవాలి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. మా దగ్గర తల్లులు చాలామంది వేలిముద్ర వేసేవాళ్ళు. అందుకే ముందు మీటింగ్ పెట్టి ఏ ఫొటో ఎవరికి వెళ్తుందో క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద చూపించి, తర్వాత కాగితం ఇస్తాం. ఒక తల్లి వద్దంది. ఆ పిల్ల గొంతు పంపాం, ముఖం పంపలేదు. ఆ పిల్ల పాటే వాళ్ళకి ఎక్కువ నచ్చింది.

తెనాలి_సైన్స్_సార్
మేడం, వదిలేయొద్దు, కానీ ‘సంస్కృతి’ని మాత్రం పక్కన పెట్టండి. నేను రెండు సార్లు ఇలాగే దెబ్బతిన్నాక తెలిసింది, అవతలివాళ్ళు లేకపోతే మనకి జవాబే రాని ప్రశ్న ఒకటి ఉండాలి. అప్పుడే పిల్లలు మెయిల్ కోసం ఎదురు చూస్తారు.

2024 సెప్టెంబర్‌లో మేము ఏథెన్స్ దగ్గర ఒక స్కూల్‌తో కలిసి భూమి చుట్టుకొలత కొలిచాం. రెండు వేల ఏళ్ళకి పైగా కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన పద్ధతే. రాత్రీ పగలూ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో ఒక మీటరు కర్ర నిలువుగా పాతి, నడి మధ్యాహ్నం నీడ కొలవాలి. నీడని బట్టి సూర్యుడు నడినెత్తి నుంచి ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నాడో వస్తుంది. రెండు ఊళ్ళ కోణాల తేడా, ఉత్తర దక్షిణాలుగా రెండు ఊళ్ళ మధ్య దూరం, ఈ రెండూ తెలిస్తే 360 డిగ్రీలకి ఎంతో లెక్క కట్టొచ్చు. ఖర్చు ఒక కర్ర, ఒక టేపు, ఒక తూకం దారం.

23న మా నీడ 29.5 సెంటీమీటర్లు. వాళ్ళది 91. అట్లాస్ స్కేలు మీద ఉత్తర దక్షిణ దూరం సుమారు 2,400 కిలోమీటర్లు. లెక్క కడితే భూమి చుట్టుకొలత 33,400 వచ్చింది. పుస్తకంలో 40,000. మావాళ్ళు ‘సార్, ఆరు వేల కిలోమీటర్ల భూమి ఏమైంది?’ అన్నారు. మాది తప్పా, వాళ్ళది తప్పా అని సాయంత్రం దాకా ఒకటే వాదన. నేను నోరు విప్పలేదు.

అందరికంటే వెనక కూర్చునే ఒక కుర్రాడు చెప్పాడు. మేము 11:45 నుంచి ప్రతి ఐదు నిమిషాలకీ నీడ కొలిచాం, అన్నిట్లోకీ పొట్టి నీడ సరిగ్గా 12 దగ్గర వచ్చింది. ‘వాళ్ళు కూడా పొట్టి నీడే కొలిచారా, లేక గడియారం 12 చూసి కొలిచారా, అడగండి సార్’ అన్నాడు. అడిగాం. గడియారం చూసే కొలిచారు. మర్నాడు వాళ్ళు ఒంటి గంటన్నర దాకా కొలిచారు, పొట్టి నీడ 1:17 ప్రాంతంలో వచ్చింది. గ్రీసు గడియారం సూర్యుడికన్నా అంత ముందు నడుస్తోంది, ఆ ఊరు టైం జోన్ రేఖకి బాగా పడమర, దాని మీద వేసవి కోసం ముందుకు తిప్పిన గంట ఒకటి. మన ఐఎస్‌టీ రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి తెనాలికి పెద్ద తేడా రాలేదు.

24న మాది 30, వాళ్ళది 80. కోణాల తేడా 22 డిగ్రీలు. చుట్టుకొలత 39,270. ధ్రువాల మీదుగా అసలు కొలత సుమారు 40,008. రెండు శాతం కూడా తేడా లేదు. ఆ కుర్రాడి పేరు ఏథెన్స్ పిల్లలు వాళ్ళ బోర్డు మీద గ్రీకు అక్షరాల్లో రాసి ఫొటో పంపారు. ఇప్పుడు వాడు ముందు బెంచీలో కూర్చుంటున్నాడు.

మీ కాల్ ఫెయిలైంది కదా, మీకు ఆ రోజు అడ్డుపడింది కూడా ఈ వేసవి గంటే. పిల్లలకి దాన్నే పాఠం చేయండి.

సిద్దిపేట_లెక్కల_సార్
బాగుంది సార్, ఒక సందేహం. ఆ 2,400 ఎలా వచ్చింది? డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున అక్షాంశాల తేడాని గుణిస్తే అది దొంగ లెక్క అవుతుంది, చుట్టుకొలత ముందే తెలిస్తేనే ఆ 111 వస్తుంది కదా. పైగా తెనాలి, ఏథెన్స్ ఒకే రేఖాంశం మీద లేవు.

తెనాలి_సైన్స్_సార్
సరిగ్గా పట్టుకున్నారు. మొదట ఒక పిల్ల 111తోనే చేసింది, వద్దన్నాను. అట్లాస్‌లో మా అక్షాంశం నుంచి వాళ్ళ అక్షాంశం దాకా ఒకే రేఖాంశం వెంబడి దారం పెట్టి, స్కేలుతో కొలిచాం. ఆ అట్లాస్ కూడా ఎవరో భూమిని కొలిచి గీసిందే, అది ఒప్పుకుంటాను. ఒకే రేఖాంశం అక్కర్లేదు, ఎవరి ఊళ్ళో వాళ్ళ నడి మధ్యాహ్నం తీసుకుంటే చాలు. మార్చిలో చేసేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి, నెల మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే, నడి మధ్యాహ్నం దాటేదాకా నీడ కొలవాలంటే పిల్లల్ని ఆపాల్సి రావచ్చు.

మిర్చి_నాన్న
ఇది లెక్కలే కదండీ. ఇలాంటిదైతే మా వాడిని పంపుతాను.

సింగ్‌నగర్_సోషల్
పోలండ్ అని చూసి ఆగాను. మాది విజయవాడ. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి బుడమేరు వాగు మా మీద పడింది. మా స్కూల్ పిల్లల్లో చాలామంది ఇళ్ళలో నడుం లోతు నీళ్ళు, పుస్తకాలు పోయాయి, సర్టిఫికెట్లు పోయాయి. అదే వారం ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. సరిగ్గా రెండు వారాలకి, సెప్టెంబర్ 14, 15 తేదీల్లో, దక్షిణ పోలండ్‌లో వరద. ఒక చిన్న ఊరి పైన డ్యామ్ కట్టే తెగింది.

అక్కడ నాకు ముందు నుంచి ఒక టీచర్ పరిచయం. ఆవిడ రాసిన మొదటి వాక్యం, ‘మీ పిల్లలు క్షేమమా? మా పిల్లలు బురద తీస్తున్నారు.’ నా దగ్గరా అదే పని. అక్కడి నుంచి ఏ ప్లానూ లేకుండా మొదలైంది. మావాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే, ‘నీళ్ళు మీ ఇంటికి ఎటు నుంచి వచ్చాయి?’ రెండు వైపులా పిల్లలు తమ ఊరి పటం గీసి బాణాలు వేశారు. మావాళ్ళు బుడమేరు కట్ట గండ్లు, కొల్లేరు వైపు పోవాల్సిన దారి, ఆ దారిలో లేచిన ఇళ్ళు గీశారు. వాళ్ళు కొండ మీది వాగులు, తెగిన కట్ట గీశారు. ఒక పోలిష్ అబ్బాయి ‘మీ దగ్గర కొండలే లేవు కదా, నీళ్ళు నాలుగు రోజులు ఎలా నిలిచాయి?’ అని అడిగాడు. దానికి జవాబు రాయడానికి మా పిల్లలు వాలు, కాలువ, ఆక్రమణ అన్నీ నేర్చుకున్నారు. నేను పదేళ్ళు బోర్డు మీద చెప్పినా రానిది.

ఒక అమ్మాయి తడిసిన తన సోషల్ నోట్‌బుక్ ఎండబెట్టి, అందులో ఒక పేజీ చింపి కవర్లో పెట్టి పంపింది. అటు నుంచి బురద మరక ఉన్న ఒక పేజీ వచ్చింది. రెండూ మా క్లాసు గోడ మీద పక్కపక్కన ఉన్నాయి. అవి చూస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కేజీబీవీ_మేడం
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది సార్.

పాత_హెచ్ఎం
రిటైరై పదకొండేళ్ళు. ఇది కొత్త సరదా అనుకునేవాళ్ళకి చెప్తున్నాను. ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి టీచర్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై గట్టిగా మాట్లాడలేని మనిషి, క్లాసులో చిన్న అచ్చుయంత్రం పెట్టాడు. పిల్లలు తమ ఊరి సంగతులు రాసి, తామే అక్షరాలు కూర్చి అచ్చేసి, 1926లో అదే దేశంలో పడమటి తీరాన బ్రిటనీలో ఒక స్కూలుకి పంపడం మొదలుపెట్టారు. ఒకరిది కొండ ఊరు, ఇంకొకరిది సముద్రపు ఒడ్డు. అప్పుడూ ఇదే రహస్యం, అవతలివాడికి తెలియనిది నీకు తెలుసు.

1988లో అమెరికా, సోవియట్ యూనియన్ ఇంకా ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడే న్యూయార్క్, మాస్కో స్కూళ్ళని కంప్యూటర్లతో కలిపారు. ఐఎర్న్ అనే సంస్థ అలా పుట్టింది, ఇప్పటికీ ఉంది, మన దేశం టీచర్లూ అందులో చేరొచ్చు. యూరప్‌వాళ్ళకి 2005 నుంచి స్కూళ్ళని ఆన్‌లైన్‌లో కలిపే ఈట్విన్నింగ్ అనే వేదిక ఉంది కానీ అందులో మన స్కూళ్ళకి చోటు లేదు. అందుకే అక్కడి టీచర్ ‘ఈట్విన్నింగ్‌లో కలుద్దాం’ అంటే కుదరదు, వేరే దారి చూసుకోవాలి. వాతావరణం కొలిచే ఆసక్తి ఉంటే గ్లోబ్ కార్యక్రమం 1995 నుంచి నడుస్తోంది, వాన, ఉష్ణోగ్రత, నేల తేమ పిల్లలే కొలిచి అందరికీ కనిపించేలా పెడతారు.

హెచ్.ఎం.గా చేసినప్పుడు నేను కూడా ‘ముందు రిజల్ట్స్ చూడండి’ అన్నవాణ్ణే. ఒక టీచరమ్మ పట్టుబట్టి రోజూ వానమాపకం చదివించింది. అన్నీ తడబడే పిల్లలు ఆ పట్టిక మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆవిడకి అప్పుడే ఒప్పుకోనందుకు బాధగా ఉంది.

కేజీబీవీ_మేడం
నాకు జరిగిన ఒక తప్పు చెప్తాను, ఇంకొకరికి జరగకూడదు. మా మొదటి భాగస్వామి స్కూల్‌వాళ్ళు మంచి మనసుతోనే మా పిల్లల కోసం చందాలు పోగు చేశారు. వీడియోలో ఆ డబ్బా చూపించి చప్పట్లు కొట్టారు. మా ఆడపిల్లలు తల దించుకున్నారు. హాస్టల్‌కి వచ్చాక ఒక పిల్ల ‘మేం అడిగామా మేడం?’ అంది. డబ్బు ఎలాగూ తీసుకోలేం, విదేశాల నుంచి విరాళం రావాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి. కానీ నన్ను బాధించింది చట్టం కాదు. ఆ పూట నుంచి వాళ్ళు దాతలు, మేము చేయి చాచినవాళ్ళం అయిపోయాం. ఇంక స్నేహం ఎక్కడిది?

తర్వాత జపాన్ స్కూల్ ఒకటి దొరికింది. ఆ దేశం మనకి టైమ్‌లోనూ సుఖం, మన పది గంటలు వాళ్ళకి మధ్యాహ్నం ఒకటిన్నర, ఏడాదంతా ఒకటే తేడా. ఈసారి మా పిల్లలనే టీచర్లని చేశాను. ముగ్గు నేర్పించారు. పదిహేను నుంచి ఎనిమిది దాకా సందు చుక్క పెట్టి చూపించి, మొత్తం చుక్కలెన్నో లెక్కపెట్టకుండా చెప్పమన్నారు. జపాన్ పిల్లలు రెండు రోజులు తీసుకుని 169 అని పంపారు, ఎలా వచ్చిందో బొమ్మ గీసి మరీ. మావాళ్ళు పద్నాలుగు నుంచి ఎనిమిది దాకా కూడి, రెండింతలు చేసి, మధ్య పదిహేను కలిపారు. వాళ్ళు ఆరు త్రిభుజాలుగా విడగొట్టి, మధ్య ఒక చుక్క కలిపారు. రెండు దారులూ ఒకే చోటికి వచ్చేసరికి హాస్టలంతా కేకలు.

సిద్దిపేట_లెక్కల_సార్
ఆరు త్రిభుజాలు! ఒక్కోటి 28 చుక్కలు, ఆరు ఇరవై ఎనిమిదులు 168, మధ్యది ఒకటి. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి ముందు ముగ్గు తొక్కి వెళ్తున్నాను, ఇది చూడలేదు. రేపు మా ఆవిడ్ని అడిగి పెట్టించుకుని చూస్తాను.

ఎంఈడీ_వరంగల్
కేజీబీవీ మేడం చెప్పిందే అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాశాడు. రెండు వర్గాలు ఊరికే కలిస్తే చాలదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేకుండా కలిసి చేసే పని, పై అధికారుల అండ, ఈ నాలుగూ ఉన్నప్పుడే దురభిప్రాయాలు తగ్గుతాయి. చందా డబ్బాతో మొదటిది పోయింది. స్లైడ్ల ప్రాజెక్ట్‌లో రెండోది, మూడోది లేవు.

అనకాపల్లి_ఎస్ఏ_ఇంగ్లిష్
నాలుగోది హెచ్.ఎం. చేతుల్లో ఉంది, అది రాసి ఏ గోడకి అంటించాలో :)

ఒక చోట మాత్రం సైన్స్ సార్‌తో ఒప్పుకోను. సంస్కృతి పూర్తిగా పక్కన పెట్టమన్నారు. మా పిల్లలకి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రావాలంటే తమ ఇంటి సంగతే రాయాలి, కోణాలు డిగ్రీలు రాయలేరు. పండగ గురించి రాస్తే తప్పేంటి?

తెనాలి_సైన్స్_సార్
రాయొచ్చు మేడం, ముగ్గు కూడా సంస్కృతే కదా. ‘మా పండగ గొప్పది’ అని స్లైడ్ పంపితే జవాబు ‘బాగుంది’ తప్ప ఇంకేం రాదు. ‘పండగకి మీ ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు పని చేశారు?’ అని అడగండి, వంద జవాబులు వస్తాయి.

అనకాపల్లి_ఎస్ఏ_ఇంగ్లిష్
ఆ ప్రశ్న ఎత్తుకుపోతున్నాను. మా ఇంట్లో కూడా అడగాలి.

డల్లాస్_అమ్మ
మా అమ్మాయి స్కూల్‌ని మా సొంతూరి హైస్కూల్‌తో కలిపాను, పదిన్నర గంటల తేడా (చలికాలంలో పదకొండున్నర) వల్ల లైవ్ కాల్ ఒక్కటి కూడా కుదరలేదు. అయినా ఏడాది నడిచింది. రెండు నిమిషాల ఆడియో రికార్డ్ చేసి పంపుకున్నారు. కాల్‌లో సిగ్గుపడే పిల్లలు రికార్డింగ్ నాలుగు సార్లు చేసుకుని ధైర్యంగా మాట్లాడారు. లైవ్ కాల్ లేకపోతే ప్రాజెక్ట్ లేదనుకోకండి.

మిర్చి_నాన్న
టీచర్ గారూ, మీ పోలండ్ స్కూల్ ఉన్న ఊళ్ళో జనం ఏం పని చేస్తారు?

పల్నాడు_ఇంగ్లిష్_టీచర్
యాపిల్ తోటలండీ. సగం మంది పిల్లల ఇళ్ళు తోటల్లోనే.

మిర్చి_నాన్న
మరింకేం. మా పిల్లలందరివీ మిర్చి ఇళ్ళు. ఇప్పుడు కోతలు, గుంటూరు యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కుతున్నాయి. రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తాం. యాపిల్‌కి కూడా అలాగే స్టోరేజీ ఉంటుందనుకుంటా. రైతు చేతికి కిలోకి ఎంత వచ్చింది, షాపులో ఎంతకి కొన్నారు, మధ్యలో ఎన్ని చేతులు మారింది, కనుక్కోమనండి పిల్లల్ని. ఇది నాక్కూడా కావాలి. మా వాడు కాటా చీటీలు తెచ్చి చూపిస్తాడు, కావాలంటే స్కూలుకి నేనే వచ్చి చెప్తాను. లెక్కల పీరియడ్ మాత్రం ముట్టుకోవద్దు :)

క్రాకోవ్_తెలుగింటి
ఉంటుందండీ, ఇక్కడి యాపిల్ నెలల తరబడి చల్లటి గిడ్డంగుల్లోనే ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో యాపిల్ ఎక్కువ పండించేది పోలండే. రేటు పడిపోతే రైతుల గోల ఇక్కడి టీవీలోనూ అదే. పోలిష్ మాటలు అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, మా బాబు తెలుగులో చెప్తాడు. వాడికీ తెలుగు రాయడం అలవాటవుతుంది.

సింగ్‌నగర్_సోషల్
అన్న గారూ, మీరు క్లాసులో చెప్పే రోజు రికార్డ్ చేసి పంపమనండి. మా సోషల్ పుస్తకంలో మార్కెట్ పాఠానికి అంతకన్నా మంచిది దొరకదు.

పాత_హెచ్ఎం
టీచరమ్మా, ఆరు వారాల్లో అయిపోయేలా పెట్టుకోండి, ఏడాది ప్లాన్లు వేయొద్దు. ఇంకో మాట, వాళ్ళ టీచర్‌తో ముందు మీరిద్దరే అరగంట మాట్లాడుకోండి. పిల్లల ప్రాజెక్టులు చాలావరకు పెద్దవాళ్ళు మొహమాటపడి ఆగిపోతాయి.

పల్నాడు_ఇంగ్లిష్_టీచర్
నాలుగు రోజులకి వచ్చాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. గడియారం సంగతి, సెలవుల సంగతి క్లాసులో చెప్పాను. ప్యానెల్ మీద రెండు గడియారాలు గీసి చూపించాను. నన్ను ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి చాలాసేపు చూసి, ‘అంటే వాళ్ళు కూడా మన కోసం ఖాళీ బెంచీలు చూశారు కదా టీచర్’ అంది.

పోలండ్ మేడంకి నిజం రాశాను, అక్టోబర్‌లో పిల్లలు ముప్పావు గంట కూర్చున్నారని, నేను నొచ్చుకున్నానని. ఈ ఉదయం జవాబు వచ్చింది. నిజంగానే సెలవుల్లో ఉన్నారట. తమవాళ్ళు కూడా ఆ రోజు ఏడుపు ముఖాలతో వెళ్ళారని, మళ్ళీ రాయడానికి మొహమాటపడ్డామని రాశారు. యాపిల్, మిర్చి మాట చెప్పగానే ఒప్పుకున్నారు. వాళ్ళ ఏడో తరగతి, మా ఎనిమిది. ఫిబ్రవరి రెండో వారం నుంచి ఆరు వారాలు. ఇంగ్లిష్ పీరియడ్లలోనే, మిర్చి నాన్న గారూ, లెక్కలు ముట్టుకోలేదు. పిల్లలే లెక్కల సార్ దగ్గరికి వెళ్ళి శాతాలు మళ్ళీ చెప్పమన్నారు, అది మాత్రం నా చేతుల్లో లేదు.

ఇవాళ అందరూ తలా ఒక ప్రశ్న రాశారు. ఆ అమ్మాయి రాసింది మొదట పంపుతున్నాం: ‘మీ నాన్న పండించిన యాపిల్‌కి రేటు ఎవరు చెప్తారు? మీ ఇంట్లో ఆ రోజు అన్నం దగ్గర ఏం మాట్లాడుకుంటారు?’